దేవుని మాట బిడ్డ పేరగునా?

బిడ్డ పుట్టిన పదకొండవనాడో, ఇరువది యొకటవనాడో మన యిండ్లలో బారసాల జరుగును. పళ్లెములో పోసిన బియ్యముపై తండ్రి ఉంగరముతో పేరు వ్రాయును. ఆ పేరును బిడ్డ చెవిలో ముమ్మారు చెప్పుదురు. ముసల్మానుల యిండ్లలో ముందు బిడ్డ చెవిలో అజాను పలికి, ఏడవనాడు అఖీఖా జరిపి పేరు పెట్టుట ఆచారము. క్రైస్తవ గృహములలో పాదిరిగారు గాని, సంఘపు పెద్దలు గాని ప్రార్థన చేసి పేరు ప్రకటింతురు. తంతులు మూడును వేరు. కాని ఆ దినమున తలిదండ్రుల మనసులలో మెదలు ప్రశ్న తరచుగా ఒక్కటే. దేవుని పేరో, దేవునికి సంబంధించిన పవిత్రమైన మాటయో బిడ్డకు పెట్టుట మంచిదేనా? పెట్టినచో ఆ మాటకు గౌరవము కలుగునా, లోకువ కలుగునా? బిడ్డకు అది రక్షయా, బరువా?

ఈ ప్రశ్నపై వెనుకటి వారు చెప్పిన అభిప్రాయములు కొన్ని శ్రోతలకు విన్నవింపదలచితిమి. అందుకు నెల్లూరు జిల్లా పడమటి సీమను, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములను, ఎన్నుకొంటిమి. కొండలు, కోనలు, కోటలు గల ఆ నేలమీద మూడు మతములవారును తమ తమ పవిత్ర పదములను బిడ్డలకు పేర్లుగా పెట్టుచు వచ్చిరి. ఒకరి పేర్లు ఒకరు తీసికొనుటయు కలదు. ఒక పల్లెలోని పేర్లను వరుసగా చదివినచో ఆ సీమ చరిత్రలో సగము తెలియును.

మొదట కొండల మాట. రాపూరు సమీపమున అడవిలో పెంచలకోన కలదు. అక్కడి నరసింహస్వామి వెలసిన పెనుశిలయే వాడుకలో పెంచల యైనదని పెద్దలు చెప్పుదురు. నెల్లూరు జిల్లాలో పెంచలయ్య, పెంచలమ్మ అను పేర్లు లేని ఊరు అరుదు. అనగా ఒక రాతి పేరు దేవుని పేరై, ఆ దేవుని పేరు మనుష్యుని పేరైనది. కందుకూరు ప్రాంతమున మాలకొండ కలదు. శనివారము నాడు మాత్రమే తలుపులు తీయు నరసింహాలయము అది. ఆ కొండ మొక్కుబడి వలన పుట్టిన బిడ్డలు మాలకొండయ్యలు, మాలకొండమ్మలు. కొంచెము చదువుకొన్న యింట మాల్యాద్రి. ఉదయగిరికి పడమట సీతారామపురము దిక్కున ఘటిక సిద్ధేశ్వరము కలదు. సిద్ధయ్య, సిద్ధమ్మ అను పేర్లు ఆ చుట్టుపట్ల వినబడుచుండును.

దుత్తలూరు చేరువ నర్రవాడలో వెంగమాంబ కథ మరియొక రీతిది. ఆమె ఒకప్పుడు ఆ సీమలో పుట్టి పెరిగిన సామాన్యపు ఆడుబిడ్డ. వెంగమ్మ అను పేరు ఆమెకు తలిదండ్రులు పెట్టినది. పిదప ఆమె పేరంటాలై పూజలందుకొనినది. జ్యేష్ఠమాసపు ఉత్సవములకు వేలకొలది జనము వచ్చుట నేటికిని జరుగుచున్నది. ఇప్పుడు ఆ సీమలో బిడ్డకు వెంగమ్మ అని పేరు పెట్టువారు దేవతను తలచుకొని పెట్టుచున్నారు. మనుష్యుల యింటినుండి గుడికి పోయిన పేరు గుడినుండి మరల యింటికి వచ్చినది. దేవుని పేరు, మనుష్యుని పేరు అను రెండింటి నడుమ మనము ఊహించుకొనునంత ఎత్తైన గోడ లేదని ఈ కథ తెలుపును.

పల్లెలనుండి ప్రభువుల దగ్గరకు పోయినను ఇదే తీరు కానవచ్చును. పదమూడవ శతాబ్దిలో నెల్లూరేలిన తెలుగు చోడులలో తిక్కన సోమయాజికి ఆశ్రయమిచ్చిన మనుమసిద్ధి ప్రసిద్ధుడు. ఆ వంశములో నల్లసిద్ధి, ఎఱసిద్ధి, తమ్ముసిద్ధి అను పేర్లును కలవు. సిద్ధి యనునది యోగమునకు, తపస్సునకు సంబంధించిన పదము. ఒకే పవిత్ర పదము వంశమంతటికిని పేరు కాగా, ఒకరినుండి ఒకరిని వేరుచేయుటకు తమ్ముడు, మనుమడు అను ఇంటి వరుసల మాటలే ముందు చేరినట్లు తోచును. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

పదునాలుగవ శతాబ్దిలో విజయనగరపు తొలిరాజులలో ఒకడైన కంపణుడు, అతని తరువాత అతని కుమారుడు రెండవ సంగముడు, ఉదయగిరి రాజ్యమును పాలించిరి. వేదభాష్యకర్త సాయణాచార్యుడు వారికి మంత్రి. సంగమునికి తాత పేరు పెట్టిరి. సాయణుని కుమారులలో ఒకని పేరు కంపణుడు. ఆయన కొలిచిన ప్రభువు పేరును అదియే. సంగముడు 1356లో బిట్రగుంట గ్రామమును దానమిచ్చి, తన గురువు శ్రీకంఠనాథుని పేర దానికి శ్రీకంఠపురమని పేరు పెట్టెను. ఆ శాసనమును రచించినవాడు సాయణుని తమ్ముడు భోగనాథుడు. తాత పేరు, ప్రభువు పేరు, గురువు పేరు, దేవుని పేరు అను నాలుగు దారులును ఆనాటి ఉదయగిరిలో ఒక్కచోట కలిసినవి.

1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలము ముట్టడించి గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గెలుచుకొనెను. అక్కడి బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, 1515లో ఆలయమునందు ప్రతిష్ఠింపజేసెను. కృష్ణుడను పేరు గల రాజు కృష్ణుని తన రాజధానికి తెచ్చుకొనెను. ఆయన రాణి తిరుమలదేవి, కుమారుడు తిరుమలరాయలు. తిరుమల యనగా పవిత్రమైన కొండ. పెంచలయ్యకును, మాలకొండయ్యకును ఈ రాజకుమారునికిని పేరు వచ్చిన దారి ఒక్కటే. రాజు తిరుమలకు మ్రొక్కెను, పల్లెవాడు తన దగ్గరి కొండకు మ్రొక్కెను, వ్యత్యాసమంతయు ఇంతే.

ఇట్లు ఆచారము సాగుచుండగా శాస్త్రము ఏమన్నది? మనువు పదవ లేక పన్నెండవనాడు పేరు పెట్టుమని చెప్పి, పేరు ఎట్లుండవలెనో కొన్ని నియమములు చేసెను. గృహ్యసూత్రములు అక్షరముల లెక్కను, పురుషులకు సరిసంఖ్య, స్త్రీలకు బేసిసంఖ్య అనునట్టి వివరములను చెప్పినవి. వానిలో మానవ గృహ్యసూత్రమున మన ప్రశ్నకు సూటియైన జవాబు కలదు. పేరు దేవతను ఆశ్రయించి యుండవచ్చును, నక్షత్రమును ఆశ్రయించి యుండవచ్చును. కాని దేవత పేరునే నేరుగా పెట్టరాదని దాని మతము. అనగా విష్ణుదత్తుడనిన తప్పులేదు, రుద్రదత్తుడనిన తప్పులేదు. విష్ణువనియు రుద్రుడనియు నిలువునా పెట్టుట కూడదు. దేవుడు ఇచ్చినవాడు, దేవునికి చెందినవాడు అనుట వినయము. దేవుడే అనుట మితిమీరుట.

భక్తుల అభిప్రాయము దీనికి ఎదురుగా నడచినది. భాగవతము ఆరవ స్కంధములో అజామిళుని కథ మనమందరము విన్నదే. తెలుగు భాగవతములో ఆ స్కంధమును ఏర్చూరి సింగన రచించెను. దారి తప్పి బ్రదికిన అజామిళుడు కడపటి కొడుకునకు నారాయణుడని పేరు పెట్టుకొనెను. ప్రాణము పోవు వేళ యమభటులను చూచి బెదరి, కొడుకును పేరుపెట్టి పిలిచెను. పిలిచినది కొడుకునే గాని దేవుని గాదు. అయినను విష్ణుదూతలు వచ్చి అతనిని విడిపించిరి. దేవుని పేరు పెట్టుకొన్న ఇంట అనుకొనకయే నామస్మరణ జరుగునని ఈ కథ చెప్పు ధైర్యము. మన పెద్దలు కొడుకులకు నారాయణ, గోవింద, రామ అని పేర్లు పెట్టుటకు ఈ ఒక్క కథ ఎంత కారణమైనదో చెప్పనలవి కాదు.

వైష్ణవులకు పూజ్యుడైన పెరియాళ్వారు తన తిరుమొళిలో ఒక పదికమంతయు ఈ విషయమునకే కేటాయించెను. కొంచెము బట్టకో, కాసుకో ఆశపడి ఎవరెవరి పేర్లో బిడ్డలకు పెట్టుకొనువారిని ఆయన మందలించి, భగవంతుని పేరు పెట్టిన తల్లికి నరకము లేదని చెప్పెను. ఆయన మాటలో మతమే గాక లోకజ్ఞానమును కలదు. దేవుని పేరు పెట్టనిచో మనము పెట్టునది తరచుగా ధనవంతుని పేరో, అధికారి పేరో అగును గదా అని ఆయన హెచ్చరిక.

కనుక ఒకవైపు నేరుగా దేవత పేరు వలదను సూత్రము, మరియొకవైపు దేవుని పేరే పెట్టుమను భక్తి. ఈ రెండింటి నడుమ తెలుగువారు ఏమి చేసిరి? వాదమునకు దిగక, భాషలోనే ఒక ఉపాయము కనిపెట్టిరి. పేరు చివర ఒక చిన్న మాటను చేర్చిరి. వెంకటేశుడు వెంకటయ్య యయ్యెను, సుబ్రహ్మణ్యుడు సుబ్బయ్య, అంకాళమ్మ అంకమ్మ. అయ్య, అమ్మ అనునవి తండ్రిని, తల్లిని పిలుచు మాటలు. వానిని చేర్చగనే దేవుని పేరు ఇంటి వరుసలోనికి వచ్చును. ఎవరైనను ఆ బిడ్డను పిలిచినచో గౌరవము చేర్చకుండ పిలువజాలరు. మరికొన్ని పేర్లకు లు అను అక్షరము చేర్చిరి. శ్రీనివాసులు, వెంకటేశ్వర్లు, ఆంజనేయులు, శ్రీరాములు. తెలుగులో బహువచనము గౌరవమును తెలుపును. ఆంధ్ర రాష్ట్రముకొరకు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న అసువులు బాసిన పొట్టి శ్రీరాములుగారి పేరిట 2008లో నెల్లూరు జిల్లాకు నామకరణము జరిగినది. నేడు ఆ జిల్లా పేరులోనే ఈ లు నిలిచియున్నది. రాముడని పెట్టక శ్రీరాములని పెట్టుటలో మానవ గృహ్యసూత్రము కోరిన వినయమును, పెరియాళ్వారు కోరిన భక్తియు రెండును చేరియున్నవి.

అయినను లోకువ యను భయము ఇండ్లలో పూర్తిగా పోలేదు. కోపము వచ్చినప్పుడు తల్లి కొడుకును ఏమని తిట్టును? వెంకటేశ్వర్లు వెంకడగును, నారాయణ నారిగాడగును. దేవుని పేరుతో తిట్టితిమే అని చెంపలు వేసికొను తల్లులను మన మెరుగుదుము. తాత పేరు మనుమనికి పెట్టినప్పుడు కోడలు మామగారి పేరు పలుకరాదు గనుక బిడ్డను అబ్బాయి అనియో, చిన్నోడు అనియో పిలుచుట వాడుక. అసలు పేరు బియ్యములో మిగులును, ముద్దుపేరు నోట మిగులును. ఇక పుట్టినవారు పుట్టినట్లు పోవు ఇండ్లలో బిడ్డను పెంటకుప్పపై పెట్టి తీసికొని పెంటయ్య యని, ఎంగిలి విస్తరిలో దొర్లించి పుల్లయ్య యని పేరు పెట్టిరి. మృత్యువు కంటబడకుండ బిడ్డను దాచుటకు హీనమైన మాటను కప్పిరి. చిత్రమేమనగా ఆ మాటకును అయ్య చేర్చుట మానలేదు.

ఇప్పుడు ఇస్లాము సంగతి చూతము. పదునేడవ శతాబ్దిలో ఉదయగిరి గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండెను. 1626 నుండి 1672 వరకు గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా పేరునకు దేవుని దాసుడని అర్థము. తరువాత ఆర్కాటు నవాబు ఉదయగిరిని ముస్తఫా ఆలీఖాను అను నతనికి జాగీరుగా ఇచ్చెను. ముస్తఫా యనగా ఎన్నుకొనబడినవాడు. అది ప్రవక్తకు బిరుదము. అతని వంశీయుల యేలుబడి 1840లో ముగిసినది. కుంఫిణీ ప్రభుత్వము కడపటి జాగీరుదారుని రాజద్రోహ నేరముపై తొలగించి చెంగల్పట్టునకు పంపివేసెను.

పేర్ల విషయమున ఇస్లాము స్పష్టముగా మాటలాడిన మతము. అల్లాకు మిక్కిలి ప్రియమైన పేర్లు అబ్దుల్లా, అబ్దుర్రహమాన్ అని హదీసులో కలదు. రెండింటికిని దేవుని దాసుడనియే అర్థము. దేవునికి మాత్రమే తగిన పేర్లను మనుష్యుడు ఒంటిగా పెట్టుకొనరాదు. కనుకనే అబ్దుర్రహమానును ఉత్త రహమాన్ అని పిలుచుట కూడదని ధర్మవేత్తలు చెప్పుదురు; మొదటి భాగమును మాత్రము మిగిల్చి అబ్దుల్ అని పిలిచినచో ఎవరికి దాసుడో తెలియని సగపు మాట యగును. రాజులకు రాజు అను బిరుదమును పేరుగా ధరించుట దేవునికి అత్యంత అసహ్యమనియు హదీసు చెప్పుచున్నది.

అంతకంటె సూక్ష్మమైన విచారణ మరి రెండు కలదు. బర్రా అను పేరు గల ఒకామెకు ప్రవక్త ఆ పేరు మార్చి జైనబు అని పెట్టెను. బర్రా యనగా పుణ్యశీల. ఎవరు పుణ్యాత్ములో దేవునికే తెలియును గనుక తన్ను తాను పొగడుకొను పేరు వలదని ఆయన చెప్పిన కారణము. మరియొక హదీసులో విజయము, లాభము, సౌఖ్యము అను అర్థములు గల కొన్ని పేర్లు వలదని కలదు. ఎవరైనను వచ్చి అతడు ఇంట ఉన్నాడా యని యడిగినచో, లేడని చెప్పవలసి వచ్చును. అది విన్నవారికి ఇంట సౌఖ్యము లేదు, లాభము లేదు అన్నట్లుండును. ఈ మాట మన తెలుగు ఇండ్లకును సరిగా తగులును. శాంతి ఇంట లేదు, లక్ష్మి బయటికి పోయినది అని ఎన్నిసార్లు అనుచుండుము!

ఆత్మకూరు దిక్కున అనుమసముద్రంపేట కలదు. దానికి రహమతాబాదు అను పేరును కలదు. అక్కడ పదునెనిమిదవ శతాబ్దికి చెందిన ఖాజా రహమతుల్లాగారి దర్గా గొప్ప యాత్రాస్థలము. ఆయనకు నాయబె రసూల్ అని బిరుదము. ప్రవక్తకు ప్రతినిధి యని అర్థము. రహమతుల్లా యనగా దేవుని కరుణ. వ్యాధులు, ముఖ్యముగా మనోవ్యాధులు, మానవలెనని కోరి హిందువులును, ముసల్మానులును అక్కడ రాత్రులు నిద్ర చేయుదురు. ఆ సీమలో నాయబ్ రసూల్, రహమతుల్లా, ఖాజా అను పేర్లు విరివిగా నుండుటకు ఆ దర్గాయే కారణము. రసూల్ అను మాటను ఒంటిగా పెట్టుటకంటె నాయబ్ రసూల్ అనియో, గులాం రసూల్ అనియో పెట్టుటలో మరల అదే వినయము. గులాం అను మాటపైనను ధర్మవేత్తలలో భేదాభిప్రాయము కలదు. దాస్యము దేవునికి తప్ప మరియొకరికి చెల్లదని కొందరు. అది సేవకుడను అర్థమున చెప్పిన గౌరవవాచకమే యని కొందరు.

నెల్లూరునకు దక్షిణమున కసుమూరు మస్తాన్‌వలీ దర్గా కలదు. మస్త్ అను పారశీకపు మాటకు మత్తుగొన్నవాడని అర్థము. సూఫీలు దానిని దైవప్రేమతో మైమరచినవానికి వాడుదురు. ఆ మాట నెల్లూరు జిల్లా హిందూ కుటుంబములలో మస్తానయ్య, మస్తానమ్మ, మస్తాన్‌రెడ్డి, మస్తాన్‌రావు అను రూపములు దాల్చినది. బాగ్దాదు యోగి అబ్దుల్ ఖాదర్ జీలానీ బిరుదమైన దస్తగీర్, చేయి పట్టి లేవనెత్తువాడు అని అర్థము గలది, తెలుగు చెవికి ఉదయగిరివలె ఒక గిరిగా వినబడి దస్తగిరి యైనది. పీర్ల పండుగ మొక్కుబడులవలన పీరయ్యలు, పీరమ్మలు, హుస్సేనమ్మలు కలిగిరి. ఈ పేర్లు గల హిందువులు తమ గుడి మానలేదు, దర్గా మొక్కు తీర్చుటయు మానలేదు. ఇక్కడ అయ్య, అమ్మ అను తెలుగు తోకలు చేసిన పని గమనింపదగినది. అరబ్బీలో అబ్దు చేసిన పనిని, సంస్కృతములో దత్త చేసిన పనిని, తెలుగులో ఈ రెండు చిన్న మాటలు చేసినవి. పరాయి మతపు పవిత్ర పదమును సైతము ఇంటి మనిషిని చేసినవి.

క్రైస్తవము ఈ సీమకు ముఖ్యముగా అమెరికను బాప్టిస్టు మిషను ద్వారమున వచ్చినది. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరున మిషను స్థాపించెను. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దులలో ఉదయగిరిలోను, ఆత్మకూరులోను కేంద్రములు వెలసినవి. బాప్టిస్టులు పసిబిడ్డలకు బాప్తిస్మమియ్యరు. తెలివి వచ్చి విశ్వసించినవారికే నీట ముంచి బాప్తిస్మమిత్తురు. కనుక వారిలో బాప్తిస్మమునకును, బిడ్డ పేరునకును విడదీయరాని ముడి లేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొర దంపతులు ఒంగోలు కొండపై చేసిన ప్రార్థన ఆ మిషను చరిత్రలో ప్రసిద్ధము. వారితో నున్న తెలుగువారు మువ్వురు: జూలియా, రూతు, క్రిస్టియన్ నరసు. ఈ మూడు పేర్లలో మూడు త్రోవలు కానవచ్చును. రూతు బైబిలు పేరు. జూలియా దొరల దేశపు పేరు. నరసు నరసింహుని పేరు. మూడవ వ్యక్తి పాత దేవుని పేరును తీసివేయక, దానికి ముందు క్రొత్త మతపు పేరును చేర్చుకొనెను. నెల్లూరు సంఘమున పేరుగన్న కనకయ్యయు పాత పేరుతోనే పాదిరి యయ్యెను.

తరువాతి తరములో నాలుగవ త్రోవ ఏర్పడినది. బైబిలులోని భావములనే తెలుగు మాటలలో పేర్లుగా పెట్టిరి: దేవదానము, కృపానందము, ప్రభుదాసు, దేవసహాయము, యేసురత్నము, సువార్తమ్మ, కరుణమ్మ, సంతోషమ్మ, సమాధానము. తమ పూర్వులను అయ్య యని, అమ్మ యని ఊరివారు పిలువక, సగము పేరుతో నోటికి వచ్చినట్లు పిలిచిన కాలము ఆ కుటుంబములలో పలువురికి తెలియును. అట్టివారికి సువార్తమ్మ అను పేరులోని అమ్మ ఎంత విలువగలదో వేరుగ చెప్పనక్కరలేదు. పిలిచినవాడు ఇష్టమున్నను లేకున్నను గౌరవముతో పిలువవలసి వచ్చినది. పవిత్ర పదము పేరగుటలో ఇట్టి సాంఘిక ప్రయోజనమును కలదు.

ఆ పేరే చిక్కులు తెచ్చిన సందర్భమును కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హక్కులు హిందువులకు, 1956 సవరణచే సిక్కులకు, 1990 సవరణచే బౌద్ధులకు వర్తించును గాని, క్రైస్తవులకు వర్తింపవు. అందుచేత సంఘములో ఒక పేరు, బడి పుస్తకములో ఒక పేరు గల కుటుంబములు తెలుగు జిల్లాలలో పెక్కు కలవు. పేరు చూచి మతమును, మతము చూచి హక్కును నిర్ణయించు లోకములో బిడ్డ పేరు తలిదండ్రుల ముచ్చట మాత్రమే కాదు. ఒక మస్తాన్‌రావు హిందువు కావచ్చును, ఒక నరసు క్రైస్తవుడు కావచ్చును. పేరునుబట్టి మనిషిని నిర్ణయించుట తొందరపాటని మన పడమటి నెల్లూరు మనకు నేర్పుచున్నది.

ఈ చర్చ మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో పదునేడవ శతాబ్దిలో ప్యూరిటనులను భక్తులు వాక్యములనే పేర్లుగా పెట్టిరి. దేవుని స్తుతింపుము అను అర్థము గల ప్రేజ్‌గాడ్ బేర్‌బోన్ అను నతని పేరు 1653 నాటి పార్లమెంటునకే ఎగతాళి పేరుగా నిలిచినది. యేసు అను పేరును ఇంగ్లీషువారు బిడ్డలకు పెట్టుకొనరు. స్పెయినులోను, దక్షిణ అమెరికాలోను అది అతి సామాన్యము. ఒకే మతము, ఒకే దేవుడు. కాని ఒకచోట పెట్టకుండుట భక్తి, మరొకచోట పెట్టుట భక్తి. రోమను కథోలిక ధర్మశాస్త్రము 1983 నాటి సంపుటిలో, క్రైస్తవ భావమునకు విరుద్ధమైన పేరు పెట్టకుండ చూడుమని మాత్రమే చెప్పి విడిచినది. 2013 ఆగస్టులో అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమున ఒక న్యాయాధికారిణి, మెస్సయ అను పేరు గల పసివానికి పేరు మార్చుమని ఉత్తరువు చేసెను. ఆ బిరుదు ఒక్కరికే చెల్లునని ఆమె వాదము. మరుసటి నెలలోనే పై న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివేసినది. బిడ్డ పేరుపై మతపరమైన అభిప్రాయము ఎవరికైనను ఉండవచ్చును. దానిని ప్రభుత్వాధికారముతో అమలు పరచుట తగదని తేలినది.

మత పదమే వలదను అభిప్రాయమును మన తెలుగునాట కలదు. విజయవాడలో నాస్తికకేంద్రమును నడపిన గోరాగారు తన బిడ్డల పేర్లను కాలమునుండియు, లోకమునుండియు తీసికొనెను. ఉప్పు సత్యాగ్రహపు సంవత్సరమగు 1930లో పుట్టిన కుమారునికి లవణమని పేరు పెట్టెను. మరియొక కుమారుడు సమరము. తొమ్మిదవ సంతానమునకు నౌ అని పేరు. మతమును, కులమును తెలుపని పేరు బిడ్డకు స్వేచ్ఛ నిచ్చునని ఆయన తలంపు. పేరులో ఏదో ఒక కథ యుండవలెనను విషయమున మాత్రము ఆయనయు మాలకొండ మొక్కు తీర్చు రైతును ఏకీభవింతురు.

ఇన్ని అభిప్రాయములను చూచిన పిదప మాకు తోచినది ఒక్కటి. పవిత్ర పదమును బిడ్డకు పెట్టుటను మతములలో ఏదియు పూర్తిగా నిషేధింపలేదు, పూర్తిగా విడిచిపెట్టలేదు. ప్రతి మతమును ఆ పదమునకును, బిడ్డకును నడుమ ఒక చిన్న సంబంధవాచకమును ఉంచుమని కోరినది. దత్తుడు, దాసు, అబ్దు, గులాం, నాయబ్, అయ్య, అమ్మ, లు. ఈ చిన్న మాటయే బిడ్డ దేవుడు కాదనియు, దేవునికి చెందినవాడనియు చెప్పును. అదే మాట ఊరివారు ఆ బిడ్డను గౌరవముతో పిలుచునట్లు చేయును.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఈ చిన్న మాటలు రాలిపోవుచున్నవి. శ్రోతలు కోరిన పాటలలో మేము చదువు పేర్ల వరుసలోనే ఈ మార్పు తెలియుచున్నది. వెంకటేశ్వర్లు మనుమడు వెంకటేశ్, మస్తానయ్య మనుమడు మస్తాన్, సువార్తమ్మ మనుమరాలు సువార్త. అంతటితో ఆగక ఓంకార్, ప్రణవ్, శ్లోక, మోక్ష అనియు, జన్నత్, ఈమాన్, ఆయత్ అనియు, గ్రేస్, బ్లెస్సీ అనియు ఉత్త పదములే పేర్లగుచున్నవి. పొట్టి పేరు పిలుచుటకు సులువు. బడిలో వ్రాయుటకును సులువు. అయ్య, అమ్మ పాతకాలపు వాసన గొట్టునని పిల్లలు సిగ్గుపడుటయు కలదు. దీనిని తప్పని మేము అనము. కాని వెనుకటివారు తోకతో తీర్చుకొన్న ప్రశ్న తోక పోగానే తిరిగి వచ్చినది. మోక్ష ఇంట లేదు, ఈమాన్ పరీక్ష తప్పినది అను మాటలు వినవలసి వచ్చినప్పుడు పాత హదీసు జ్ఞప్తికి రాకమానదు.

కనుక బారసాలకు సిద్ధమగుచున్న తలిదండ్రులు మూడు సంగతులు ఆలోచించుకొనుట మంచిది. ఈ పేరును కోపములో పిలిచినను మన మనసు నొచ్చుకొనదా? ఈ పేరు బిడ్డపై మోయరాని పొగడ్తను పెట్టుచున్నదా? పెద్దలు, ఇరుగుపొరుగువారు, వేరొక మతమువారు దీనిని నోరార పలుకగలరా? మూడింటికిని తృప్తికరమైన జవాబు వచ్చినచో ఏ మతపు మాటయైనను పెట్టుకొనవచ్చును. పెట్టిన పిదప చేయవలసిన పని మరియొకటి కలదు. పెంచలయ్యకు తన పేరు ఏ కొండదో తెలియును. నాయబ్ రసూలుకు తన పేరు ఏ దర్గాదో తెలియును. నేటి బిడ్డలలో పలువురికి తమ పేరు ఎక్కడిదో తెలియదు. ఎవరి మొక్కుబడి, ఏ యాత్ర, ఏ తాత, ఏ ప్రార్థన ఆ పేరు వెనుక నున్నదో బిడ్డకు మాటలు వచ్చిన వెంటనే చెప్పవలెను. బియ్యముపై వ్రాసిన అక్షరములు ఆ పూటకే చెరిగిపోవును. ఆ కథను చెప్పువారు ఇంట ఒకరుండవలెను.